"కావాలనే చేస్తున్నాడు" అనే ముందు: ప్రవర్తన సహాయ ట్యూటర్‌గా నేను రోజూ వినే అపోహలు

వైకల్యం ఉన్న పిల్లలకు తరగతి గదిలో ప్రవర్తన సహాయ ట్యూటర్‌గా పనిచేస్తున్నాను. పాఠం చెప్పడం టీచరు పని. ఆ పాఠం దాకా రాలేక పిల్లవాడు ఎక్కడ ఆగిపోతున్నాడో కనిపెట్టి, అక్కడ దారి వేయడం నా పని. చాలామంది మాత్రం "ఆ అబ్బాయి గొడవ చేయకుండా చూసుకునేది ఈవిడే" అని నన్ను పరిచయం చేస్తారు. మొదటి అపోహ ఇదే. నిశ్శబ్దంగా కూర్చున్నంత మాత్రాన పిల్లలు నేర్చుకుంటున్నట్టు కాదు. రోజంతా బల్ల మీద తల వాల్చి, ఎవరికీ ఇబ్బంది కలిగించని అమ్మాయి కోసం నన్ను ఎవరూ పిలవరు. పిలవాలి.

అపోహ: అందరూ తనవైపు చూడాలని కావాలనే చేస్తున్నాడు

తొమ్మిదేళ్ల అబ్బాయి ఒకడు లెక్కల కాగితం ముందు పెట్టగానే పెన్సిల్ డబ్బా విసిరేసేవాడు. మొండివాడని పేరు పడిపోయింది. మొదటి వారం నేను ఏమీ మార్చలేదు, రాసుకున్నాను. మూడే గడులు: విసరడానికి ముందు ఏం జరిగింది, వాడు ఏం చేశాడు, వెంటనే ఏం జరిగింది.

వారం చివర ఆ గడులన్నీ వరుసగా చదివాను. నోటితో చెప్పించిన లెక్కలప్పుడు ఒక్కసారి కూడా విసరలేదు. నాలుగు లెక్కలున్న కాగితానికీ విసరలేదు. ఇరవై లెక్కలున్న కాగితం వచ్చినప్పుడే విసిరాడు. మూడో గడిలో దాదాపు ప్రతిసారీ ఒకే మాట ఉంది: "బయటికి పంపారు." ఆ తర్వాత వాడు రాస్తుంటే దగ్గరగా చూశాను. పెన్సిలును ఎంత బిగించి పట్టుకునేవాడంటే, మూడో లెక్కకే వేళ్ల కొసలు తెల్లబడేవి. లెక్క వచ్చు, రాయడమే కష్టం. మనం శిక్ష అనుకుని ఇస్తున్నది వాడికి ఊరట.

ప్రవర్తన వెనుక కారణాలు సాధారణంగా నాలుగు రకాలు: ఎవరి దృష్టినైనా పొందడం, కష్టమైనదాన్ని తప్పించుకోవడం, కావలసిన వస్తువు దక్కించుకోవడం, ఆ కదలిక లేదా స్పర్శ వల్లే శరీరానికి కలిగే హాయి. 1982లో పరిశోధకుడు బ్రయన్ ఇవాటా బృందం తమను తాము గాయపరచుకునే తొమ్మిది మందిని వేర్వేరు పరిస్థితుల్లో పరిశీలించింది. ఆరుగురిలో ఆ ప్రవర్తన ఒక ప్రత్యేక పరిస్థితిలోనే స్థిరంగా ఎక్కువైంది. ఆ పరిస్థితి అందరికీ ఒకటే కాదు. బయటికి ఒకేలా కనిపించే పనికి ఇద్దరు పిల్లల్లో రెండు కారణాలు ఉండవచ్చు. కారణం తెలియకుండా వేసే మందు పనిచేయదు.

మందు అంటే గుర్తొచ్చింది. ప్రవర్తన ఉన్నట్టుండి మారితే నా గడుల కంటే ముందు పన్ను, చెవి, కడుపు, నిద్ర చూడాలి. మాటలు రాని పిల్లవాడు చెవి నొప్పిని తల కొట్టుకుని చెప్పవచ్చు. ఇది తేలకుండా నేను ఏ ప్రణాళికా మొదలుపెట్టను.

అపోహ: పట్టించుకోకపోతే వాడే మానేస్తాడు

తప్పించుకోవడానికి చేస్తున్న పిల్లవాణ్ణి పట్టించుకోకపోవడం అంటే వాడు అడిగిన సెలవు ఇచ్చేయడమే. నిజంగా మన దృష్టి కోసమే చేస్తున్నా, అది అందడం ఆగిన కొత్తలో కేకలు తగ్గే ముందు పెరగవచ్చు. పెద్దలు సరిగ్గా అక్కడే ఓపిక నశించి లొంగిపోతారు. ఇంకాస్త గట్టిగా అరిస్తేనే పని జరుగుతుందని పిల్లవాడు నేర్చుకుంటాడు. తల గోడకు కొట్టుకునే పిల్లల విషయంలో ఈ ప్రయోగం అసలే చేయకూడదు.

పాత దారి మూసే ముందు కొత్త దారి చూపించాలి. 1985లో పరిశోధకులు ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యూరాండ్ నలుగురు పిల్లలతో చేసిన పని ఈ విషయంలో నాకు ఆధారం. సాయం కావాలని, లేదా తమ పని చూడమని అడగడం వాళ్లకు నేర్పారు. కారణానికి తగిన మాట నేర్పినప్పుడే సమస్య తగ్గింది.

పెన్సిల్ డబ్బా విసిరే ఆ అబ్బాయి బల్ల మూలన "విరామం" అని రాసిన పసుపు కార్డు అతికించాను. దాన్ని తాకితే రెండు నిమిషాల విరామం. మొదటి రోజు వాడు దాన్ని పదిహేడు సార్లు తాకాడు. పదిహేడు సార్లూ ఇచ్చాను. "ఇలా అయితే చదువు సాగినట్టే" అని పక్కవాళ్లు నొచ్చుకున్నారు. వాళ్ల బాధ అర్థమైంది కానీ, అడిగితే దొరుకుతుందన్న నమ్మకం కుదరాలంటే ఆ పదిహేడులో ఒక్కటి కూడా కాదనకూడదు. కాగితాన్ని నాలుగేసి లెక్కలుగా కత్తిరించాం, లావు పెన్సిలు ఇచ్చాం. మూడో వారానికి రోజుకు నాలుగైదు సార్లు తాకేవాడు. డబ్బా విసరడం ఆగింది.

అపోహ: బహుమతి ఇవ్వడం లంచమే కదా

గొడవ మొదలయ్యాక, ఆపడానికి చేతిలో పెట్టేది లంచం. అది గొడవకు ఇచ్చిన జీతం. ముందే ఒప్పుకున్న పని పూర్తయ్యాక ఇచ్చేది ప్రోత్సాహం. అది ప్రతిసారీ వస్తువే కానక్కర్లేదు, కిటికీ దగ్గర రెండు నిమిషాలైనా చాలు. పని అలవాటయ్యే కొద్దీ దాన్ని తగ్గించుకుంటూ రావాలి.

అపోహ: బొమ్మల కార్డులు, ఫోన్లతో చెప్పడం అలవాటైతే మాటలు రావు

తల్లుల గొంతులో ఈ భయం విన్నప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే దీనివల్ల పిల్లలు ఏళ్ల తరబడి ఏమీ అడగలేక ఉండిపోతారు. 2006లో మిల్లర్, లైట్, ష్లాసర్ అనే పరిశోధకులు ఆరు అధ్యయనాల్లోని, ఎదుగుదల వైకల్యాలున్న 27 మంది వివరాలను జాగ్రత్తగా పరిశీలించారు. కార్డులు, పరికరాలు, సంజ్ఞల వల్ల మాట తగ్గినవారు ఒక్కరూ లేరు. 89 శాతం మందిలో మాట కొంతైనా పెరిగింది.

అపోహ: అదుపు తప్పితే గట్టిగా పట్టుకుని కూర్చోబెట్టాలి

ప్రాణాపాయం లేదా పెద్ద గాయం తప్పించడానికి వేరే దారి లేనప్పుడు, శిక్షణ పొందినవారు, వీలైనంత తక్కువసేపు. అంతే. బలవంతంగా అదిమి పట్టడం వల్ల పిల్లలు చనిపోయిన ఘటనలు ఉన్నాయి. పిల్లవాడు పూర్తిగా అదుపు తప్పాక వాడికి మన ఉపదేశం ఎక్కదు. దీపాలు తగ్గిస్తాను, మిగతా పిల్లల్ని పక్కకు పంపిస్తాను, చేతికి అందనంత దూరంలో పక్కగా కూర్చుంటాను. మాట్లాడితే రెండే ముక్కలు: "ఇక్కడే ఉన్నాను." నేర్పడం మర్నాడు, మనసు కుదురుగా ఉన్నప్పుడు.

అపోహ: మంచి ట్యూటర్ పిల్లవాణ్ణి వదలకుండా అంటిపెట్టుకుని ఉండాలి

ఈ పొరపాటు నేనే చేశాను. మొదటి ఏడాది ఒక అమ్మాయికి ఆనుకునే కూర్చునేదాన్ని. పుస్తకం తెరిచేది నేనే, టీచరు అడిగిన ప్రశ్నకు ఆమె చూసేది నా ముఖమే. పక్క బెంచీ పిల్లలు ఆమెతో చెప్పాల్సింది నాతో చెప్పేవారు. 1997లో పరిశోధకుడు మైకేల్ జియాంగ్రెకో బృందం సరిగ్గా ఈ విషయాన్నే ఎత్తిచూపింది: సహాయకులు అతిగా దగ్గరుంటే పిల్లలు తోటివారికి దూరమవుతారు, పెద్దల మీద ఆధారపడిపోతారు.

అందుకే ఇప్పుడు ప్రణాళికలో నా కుర్చీ ఎప్పుడు ఎంత వెనక్కి జరగాలో కూడా రాస్తాను. పెన్సిల్ డబ్బా అబ్బాయి విషయంలో అది పక్క నుంచి వెనక వరుసకు, అక్కడి నుంచి తలుపు దగ్గరికి వెళ్లింది. ఈ వారం వాడు కార్డును రెండుసార్లు తాకాడు. ఒకసారి నావైపు చూడకుండా, నేరుగా టీచరుకు చూపించి లేచి వెళ్లాడు. రెండు నిమిషాలకు తిరిగొచ్చి కూర్చున్నాడు.