పురి కట్టిన కాంక్రీటు

ఒడిశా తీరంలోని గోపాలపురంలో మా పెదనాన్న ఇల్లు సముద్రానికి అర కిలోమీటరు లోపే. కింద బండ్లకు ఖాళీ వదిలి, పిల్లర్ల మీద రెండంతస్తులు లేపారు. సముద్రం వైపు వరసలో ఉన్న ఒక పిల్లర్‌కి నాలుగేళ్ళ కిందట మూల వెంబడి నిలువుగా గీత పడింది. గీతలోంచి గోధుమరంగు మరక దిగింది. తర్వాత పెచ్చు ఊడింది. మేస్త్రిని పిలిచి సిమెంటు పూయించారు. ఏడాది తిరక్కుండా, పూసిన చోటు బాగానే ఉంది గానీ దానికి జానెడు పైన మళ్ళీ పెచ్చు లేచింది. అక్కడా పూయించారు. ఈసారి కింద లేచింది.

"పెచ్చే కదరా, పిల్లర్ ఎక్కడికి పోద్ది? లోపల పదహారు ఎమ్మెమ్ చువ్వలు ఆరు ఏయించాను, నా కళ్ళతో చూసి మరీ పోయించాను" అన్నారు పెదనాన్న.

చువ్వల సంగతి నిజమే. ఆయన రింగుల మాట ఎత్తలేదు. బరంపురంలో ఇరవై ఏళ్ళుగా ఇళ్ళకు డిజైన్లు గీస్తున్నాను. తెలుగువాళ్ళయినా ఒడియావాళ్ళయినా ఇల్లు కట్టుకునేవాళ్ళు అడిగేది చువ్వలెన్ని, ఎంత లావు అనే. ఆ చువ్వల చుట్టూ కట్టే సన్న రింగుల్ని ఎంత దూరానికి ఒకటి కడుతున్నారో, వాటి కొసలు ఎటు వంచుతున్నారో అడిగినవాళ్ళు నాకు గుర్తులేరు. పిల్లర్ ప్రాణం మాత్రం అక్కడే ఉంది.

మా అమ్మ పుట్టిల్లు పర్లాకిమిడి దగ్గర పల్లె. నూర్పులయ్యాక వాకిట్లో పురి కట్టేవారు. ఎండుగడ్డిని చేతిలావున తాడులా పేని, నేలమీద గుండ్రంగా ఒక చుట్టు వేసి, అందులో ధాన్యం పోసి, దానిమీద ఇంకో చుట్టు వేసి, మళ్ళీ ధాన్యం పోసి, అలా మనిషెత్తు దాటించేవారు. అవే గింజల్ని ఊరికే నేలమీద పోస్తే పక్కలకు జారి మోకాలెత్తు కుప్ప అవుతుంది. గడ్డితాడు చుట్టేసరికి నిటారుగా నిలబడుతుంది. గింజలు పక్కకు పోకుండా ఆపే ఆ చుట్టే పురిని నిలబెడుతుంది. కాంక్రీటు పిల్లర్‌లో రింగు చేసే పని నాకు మొదటిసారి నిజంగా అర్థమైంది ఇంజనీరింగ్ పుస్తకంలో కాదు, ఆ పురి తలచుకున్నప్పుడు.

కాంక్రీటు నొక్కుడుకి గట్టిది, లాగుడుకి బలహీనం. లాగితే అది తట్టుకునేది నొక్కుడు బలంలో దాదాపు పదోవంతే. అయితే పైనుంచి నొక్కినా చివరికి అది చచ్చేది లాగుడుతోనే. బరువు పడినప్పుడు కాంక్రీటు పక్కలకు ఉబ్బుతుంది. ఉబ్బేకొద్దీ కంకరరాయికీ సిమెంటు ముద్దకీ మధ్య కంటికి కనబడని నిలువు పగుళ్ళు పుడతాయి. అవి ఒకదానితో ఒకటి కలిశాక కాంక్రీటు నిలువు చెక్కలుగా చీలిపోతుంది. ఆ ఉబ్బును పక్కలనుంచి అదిమి పట్టగలిగితే పగుళ్ళు తెరుచుకోలేవు.

ఫ్రెంచి ఇంజనీరు అర్మాన్ కాన్సిడేర్ 1900 తర్వాతి తొలి ఏళ్ళలోనే ఇది పట్టుకున్నాడు. స్తంభం లోపల ఇనుప తీగను స్ప్రింగులా చుట్టి పోస్తే బలం బాగా పెరుగుతుందని చూపించాడు. 1928లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో రిచర్ట్, బ్రాంట్‌జేగ్, బ్రౌన్ అనే ముగ్గురు కాంక్రీటు దిమ్మల్ని చుట్టూ ద్రవంతో అదుముతూ పైనుంచి నలిపి చూశారు. వాళ్ళకు దొరికిన లెక్క ఇప్పటికీ వాడుకలో ఉంది: పక్కనుంచి ఒక వంతు అదిమితే నిలువు బలం సుమారు 4.1 వంతులు పెరుగుతుంది. అంటే చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్లు మోసే కాంక్రీటును చుట్టూ 2 న్యూటన్లతో అదిమి పడితే 28 దాకా మోస్తుంది. బలంతో పాటు ఓర్పు కూడా వస్తుంది. చుట్టు లేని కాంక్రీటు ఒక్కసారిగా పగిలిపోతుంది. చుట్టు ఉన్నది నలుగుతూ, వంగుతూ, బరువు వదలకుండా చాలాసేపు నిలుస్తుంది. లోపలివాళ్ళు బయటికి పరుగెత్తడానికి కావలసింది ఆ కాసేపే.

రింగుకు రెండో పని నిలువు చువ్వల్ని పట్టి ఉంచడం. కొబ్బరి ఈనెను రెండు కొసలా పట్టుకుని నొక్కండి, నడుము దగ్గర ఇట్టే వంగుతుంది. దాన్నే నాలుగో వంతుకు విరిచి నొక్కండి, వేలికి గుచ్చుకుంటుందేమో గానీ వంగదు. ఆయిలర్ 18వ శతాబ్దంలో తేల్చిన సూత్రం ఇదే: ఆధారం లేని పొడవు రెట్టింపైతే వంగకుండా మోసే బరువు నాలుగోవంతుకు పడిపోతుంది. పిల్లర్‌లో చువ్వకు ఆధారం లేని పొడవంటే రింగుకూ రింగుకూ మధ్య దూరం. నడుమ ఒక రింగు తెగిపోతే ఆ దూరం రెట్టింపైనట్టే.

మన దేశంలో కాంక్రీటు కట్టడాలకు రాసిన మామూలు నియమావళి (కోడు) ఐఎస్ 456 ప్రకారం 300 మిల్లీమీటర్ల పిల్లర్‌లో 16 ఎమ్మెమ్ చువ్వలుంటే రింగుల దూరం 256 మిల్లీమీటర్లు దాటకూడదు. భూకంపాల కోసం రాసిన ఐఎస్ 13920 ప్రకారం అదే పిల్లర్‌కు పైకొస, కింది కొసల దగ్గర 75 మిల్లీమీటర్లకో రింగు ఉండాలి. జానెడుకు ఒకటీ, మూడంగుళాలకు ఒకటీ. బయటికి చూస్తే రెండు పిల్లర్లూ ఒకలాగే ఉంటాయి.

రింగు కొసల్ని వంచే తీరు ఇంకా ముఖ్యం. రాడ్లు కట్టేవాళ్ళకు సులువైనది లంబకోణంలో, 90 డిగ్రీలకు వంచి వదిలేయడం. పైనున్న కాంక్రీటు పెచ్చు రాలిన మరుక్షణం ఆ కొక్కెం విప్పుకుంటుంది. 135 డిగ్రీలు వంచితే కొస పిల్లర్ గుండెలోకి తిరిగి, లోపలి కాంక్రీటులో పాతుకుని ఉంటుంది. 2001 జనవరి 26న భుజ్ భూకంపంలో అహ్మదాబాద్‌లో కింద ఖాళీ వదిలి పిల్లర్ల మీద లేపిన ఎన్నో అపార్ట్‌మెంట్లు కూలాయి. దూరం దూరంగా కట్టిన రింగులు, విప్పుకున్న కొక్కేలు ఆ శిథిలాల్లో మళ్ళీ మళ్ళీ కనిపించాయి. 1971లో కాలిఫోర్నియాలోని శాన్ ఫెర్నాండో భూకంపంలో ఆలివ్ వ్యూ ఆసుపత్రి కింది అంతస్తు బాగా పక్కకు ఒరిగిపోయింది. అక్కడ దూరదూరంగా రింగులు కట్టిన మూల పిల్లర్లు పొడి అయిపోయాయి. స్ప్రింగు చుట్టు ఉన్న పిల్లర్లు పైపెచ్చు పోగొట్టుకుని, వంగిపోయి కూడా, పై అంతస్తుల్ని మోస్తూనే ఉన్నాయి. ఆ ఫొటోలు చూసినప్పుడల్లా నాకు పురే గుర్తొస్తుంది.

భూకంపాలు మనకెక్కడివి అనొచ్చు. మన తీరంలో రింగుల్ని తినేది వేరే ఉంది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ మనకు కాస్త కింద, పలాస దగ్గర దాటింది. తుఫానుల మాట అటుంచినా, రోజూ వీచే సముద్రపు గాలి ఉప్పును మోసుకొచ్చి గోడలమీద దింపుతూనే ఉంటుంది. మంచి కాంక్రీటులో ఇనుము తుప్పు పట్టదు. సిమెంటులోని సున్నపు గుణం వల్ల ఇనుము మీద కంటికి కనిపించని పలుచని పొర ఏర్పడి కాపాడుతుంది. ఉప్పులోని క్లోరైడు కాంక్రీటు రంధ్రాల్లోంచి నెమ్మదిగా లోపలికి దిగి ఆ పొరను చిల్లులు పొడుస్తుంది. తుప్పు తాను పుట్టిన ఇనుముకన్నా రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు అడుగుతుంది. ఆ ఒత్తిడికే పెచ్చు లేస్తుంది.

ఇప్పుడు రింగు ఎక్కడుందో చూడండి. నిలువు చువ్వలకు బయట, గాలికి అందరికంటే దగ్గరగా. పైగా అందరికంటే సన్నం. చుట్టూ ఒక మిల్లీమీటరు తుప్పు తినేస్తే 16 ఎమ్మెమ్ చువ్వ పోగొట్టుకునేది 23 శాతం. 6 ఎమ్మెమ్ రింగు పోగొట్టుకునేది 56 శాతం. ఉప్పు కాంక్రీటు లోపలికి చేరే కాలం సుమారుగా లోతు వర్గాన్ని బట్టి ఉంటుంది. కవరింగ్, అంటే ఇనుము మీద కప్పి ఉండే కాంక్రీటు మందం, 40 మిల్లీమీటర్లు ఉండాల్సిన చోట 20 ఉంటే, ఉప్పు సగం కాలంలో కాదు, నాలుగోవంతు కాలంలోనే ఇనుమును చేరుతుంది. తీరపు గాలి నేరుగా తగిలే కాంక్రీటుకు కోడు 45 మిల్లీమీటర్ల కవరింగ్, కనీసం ఎమ్30 కాంక్రీటు (చదరపు మిల్లీమీటరుకు 30 న్యూటన్లు మోసేది) అడుగుతుంది. పెదనాన్న ఇంట్లో కవరింగ్ బిళ్ళలకు బదులు కంకరరాళ్ళు దోపారు. అవి కాంక్రీటు పోసేటప్పుడు జారిపోయి, ఒక పక్క రింగు పైకే తేలి ఉంది.

ముందు సుత్తితో తట్టి చూశాం. బోలు శబ్దం వచ్చిన మేర సుద్దతో గీత గీశాం. పూత వేసిన చోట్లకన్నా ఆ మేర మూడింతలుంది. తాజాగా పగలగొట్టిన ముఖం మీద ఫినాఫ్తలీన్ కొట్టాను. కాంక్రీటులో సున్నపు గుణం మిగిలి ఉంటే అది గులాబీరంగుకు తిరుగుతుంది. మొత్తం గులాబీ అయింది. "చూశావా, బాగానే ఉంది" అన్నారు పెదనాన్న. అక్కడే చాలామంది పొరబడతారు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఆ గుణాన్ని తినేస్తే రంగు రాదు, అంతవరకే ఆ పరీక్ష. ఉప్పు ఆ గుణాన్ని ముట్టుకోకుండానే ఇనుమును తినగలదు. దానికి వేర్వేరు లోతుల్లో డ్రిల్లు చేసి తీసిన పొడిని ల్యాబుకు పంపి క్లోరైడు కొలిపించాలి.

పూతకు పక్కనే ఎందుకు లేచిందనేది ఆయన్ని చాలాకాలంగా వేధించిన ప్రశ్న. మేస్త్రి పనితనం మీద కోప్పడ్డారు కూడా. తప్పు అతనిది కాదు. తుప్పు ఒక బ్యాటరీ. తుప్పు పట్టే చోటు తాను కరిగిపోతూ పక్కనున్న ఇనుముకు ఎలక్ట్రాన్లు పంపి దాన్ని కాపాడుతూ ఉంటుంది. ఆ చోటు శుభ్రం చేసి కొత్త సిమెంటు పూశామంటే పక్కవాటికి ఆ కాపుదల పోయింది. ఉప్పు పట్టి ఉన్న పక్క భాగం ఇప్పుడు కరగడం మొదలెడుతుంది. అందుకే ఉప్పెక్కిన కాంక్రీటంతా తీసేయాలి, లేదా కొత్త కాంక్రీటులో చువ్వకు జింకు దిమ్మలు కట్టి, ఇనుముకు బదులు జింకును కరగనివ్వాలి. ఓడ అడుగున జింకు పలకలు బిగించేదీ ఇందుకే.

పని మొదలుపెట్టి పెచ్చులన్నీ చెక్కాక నిలువు చువ్వలు దాదాపు నిబ్బరంగా కనిపించాయి. రింగులు మాత్రం మూడు చోట్ల దారాల్లా ఉన్నాయి. ఒకటి చేత్తో ముట్టుకుంటే రెండు ముక్కలైంది. పెదనాన్న ఆ ముక్కను చాలాసేపు అరచేతిలో పెట్టుకుని చూశారు.

పిల్లర్‌కు బలం చేకూర్చడమంటే కొత్త కాంక్రీటు తొడగడమే అనుకుంటారు. పాత పిల్లర్ మీద బరువు అలాగే ఉంచి చుట్టూ తొడుగు పోస్తే, ఆ తొడుగు పాత బరువులో దాదాపు ఏమీ పంచుకోదు. రేపు కొత్తగా పడే బరువులోనే దానికి వాటా. నిండు బిందె నెత్తిన ఉన్న మనిషి పక్కన ఇంకొకరు నిలబడినంత మాత్రాన బిందె తేలికవదు కదా. అందుకే ముందు దూలాల కింద రెండు పక్కలా ఇనుప జాకీలు పెట్టి, గట్టి నేలమీద దుంగలు పరిచి, కొంచెం కొంచెంగా బిగించి పిల్లర్‌ను తేలికపరచాం. తర్వాత చువ్వల వెనక్కి వేలు దూరేంత చెక్కి, తుప్పును తెల్ల ఇనుము కనిపించేదాకా రుద్ది, మంచినీళ్ళతో కడిగారు. బావినీళ్ళు ఉప్పగా ఉంటాయని ట్యాంకరు తెప్పించాను. నాలుగు మూలలా కొత్త చువ్వలు నిలిపి, కింద పునాదిలో రంధ్రాలు తొలిచి ఎపాక్సీ జిగురుతో పాతారు. పైన స్లాబుకు కన్నాలు వేసి పై అంతస్తులోకి దాటించారు. 8 ఎమ్మెమ్ రింగులు, 100 మిల్లీమీటర్లకొకటి, కొసలు 135 డిగ్రీలు. రాడ్లు కట్టే కుర్రాడు బరంపురం వాడు, సగం ఒడియా సగం తెలుగు మాట్లాడతాడు. మొదటి పది రింగులు అలవాటుగా 90కే వంచాడు. నేను చెప్పాక విప్పి మళ్ళీ కట్టాడు, విసుక్కోలేదు.

పాత భవనాల్ని బలపరచడానికి రాసిన ఐఎస్ 15988 కోడు తొడుగు కనీసం 100 మిల్లీమీటర్ల మందం ఉండాలంటుంది. దాంతో 230, 300 కొలతల పిల్లర్ 430, 500 అయింది. బండి తిప్పుకునే చోటు తగ్గిందని పెదనాన్న బాధపడ్డారు. ఆ బాధ న్యాయమే. చోటు తక్కువైన ఇళ్ళకు మూలలకు ఇనుప యాంగిల్స్ పెట్టి పట్టీలతో వెల్డు చేసే పద్ధతి ఉంది. ఎపాక్సీలో తడిపిన కార్బన్ గుడ్డను చుట్టే పద్ధతీ ఉంది. మందం కొద్ది మిల్లీమీటర్లే. అది అచ్చంగా పురి తాడే. గుండ్రటి స్తంభానికి అద్భుతంగా పనిచేస్తుంది. నలుచదరపు దానికి మూలలు అరగదీసి గుండ్రం చేసినా పట్టు తక్కువే, ఎందుకంటే చుట్టు బిగువంతా మూలల దగ్గరే పడి చదునైన పక్కలు ఉబ్బగలవు. మంటకు ఎపాక్సీ మెత్తబడుతుంది. లోపల తుప్పు నడుస్తూ ఉండగా చుడితే పెచ్చు కనబడదు గానీ జబ్బు ఆగదు. మా పెదనాన్న పిల్లర్‌కు అందుకే నేను ఒప్పుకోలేదు.

సన్న కంకరతో తొడుగు పోసి, గోనెపట్టాలు చుట్టి, పది రోజులు తడి ఆరనివ్వలేదు. ఇరవై ఎనిమిదో రోజు జాకీలు వదిలాం, ఒక్కో మరకు పావు చుట్టు చొప్పున. అంతకు ముందే దూలం, పిల్లర్ కలిసే చోట ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పట్టీ ఒకటి అంటించాం, ఏ మాత్రం కదిలినా చిట్లుతుందని. సాయంత్రానికి జాకీలు పూర్తిగా వదులయ్యాయి. పట్టీ మీద గీత పడలేదు. మర్నాడు పొద్దున్న పెదనాన్న తనే సుత్తి తీసుకుని సముద్రం వైపున్న మిగతా మూడు పిల్లర్లనూ కిందనుంచి పైదాకా తట్టుకుంటూ వెళ్ళారు. ఒకదాని దగ్గర ఆగి, మళ్ళీ తట్టి, జేబులోంచి సుద్దముక్క తీశారు. జాకీలు ఇప్పుడు దాని పక్కన ఉన్నాయి.