ఆగి ఉన్న కారులోకి నీళ్లు ఎలా వస్తాయి

మిర్యాలగూడ వైపు వడ్లు పండించే రైతు ఎవరిని అడిగినా ఒక అంకె టక్కున చెబుతారు: 17. కొనుగోలు కేంద్రంలో మిషన్ పెట్టి చూసినప్పుడు తేమ 17 శాతం దాటిందంటే ఆ వడ్లు మళ్లీ కల్లంలో ఎండబోయాల్సిందే. పచ్చి వడ్లను కుప్పగా పోసి, పైన కవర్ కప్పి వదిలేస్తే లోపల వేడెక్కి ముక్కిపోతాయని చిన్నపిల్లలకు కూడా తెలుసు. అలాంటి ఊళ్లో పుట్టి పెరిగిన నేను, మా నాయిన 1974 మోడల్ అంబాసిడర్‌ను సరిగ్గా అలాగే దాచాను.

దానికి రెండేళ్లు టింకరింగ్, పెయింటింగ్ చేయించాం. తర్వాత ఊళ్లోని రేకుల షెడ్డులో పెట్టి, వానలు మొదలయ్యే ముందు మందమైన ప్లాస్టిక్ కవర్ కప్పి, చుట్టూ తాళ్లతో బిగించి కట్టాను. దసరాకు వచ్చి విప్పితే డోర్ల కింది అంచుల్లో పెయింటు పొక్కులు లేచి ఉంది. గోరుతో గీకితే ఎర్రటి పొడి రాలింది. షెడ్డు కారలేదు, లోపలికి ఒక్క వాన చుక్క పడలేదు. మరి జంగు ఎలా పట్టింది?

నీళ్లు గాలిలో వచ్చాయి. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు గాలి దాదాపు 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. 20 డిగ్రీలకు చల్లబడితే 17 గ్రాములే పట్టుకుంటుంది. మిగిలినది ఎక్కడ చల్లటి వస్తువు దొరికితే అక్కడ చుక్కలుగా దిగుతుంది. టన్నుకు పైగా బరువున్న కారు రాత్రంతా చల్లబడుతుంది, పొద్దున అంత తొందరగా వేడెక్కదు. సూర్యుడు వచ్చాక వెచ్చబడిన తేమ గాలి షెడ్డులోకి వచ్చి ఆ చల్లటి ఇనుముకు తగిలితే, చల్లటి నీళ్ల చెంబుకు పట్టినట్టు చెమ్మ పడుతుంది. రేకుల కప్పు దీన్ని ఇంకా పెంచుతుంది. మబ్బులేని రాత్రి రేకు తన వేడిని ఆకాశంలోకి వదిలేసి, చుట్టూ ఉన్న గాలికన్నా చల్లగా అయిపోతుంది. తెల్లవారుజామున షెడ్డులో నిలబడి పైకి చూడండి, రేకు లోపలి వైపు చుక్కలు వేలాడుతుంటాయి.

ఇక మట్టి నేల. వానాకాలం పొడవునా నేల నుంచి తేమ పైకి లేస్తూనే ఉంటుంది. నేను కట్టిన ప్లాస్టిక్ కవర్ ఆ తేమను బయటికి పోనివ్వకుండా కారు చుట్టూ బంధించింది. చేయాల్సింది దీనికి తలకిందులు. ప్లాస్టిక్ పట్టా కారు కింద పరవాలి, పైన గాలి ఆడే నూలు బట్ట కప్పాలి. కప్పుకు, కారుకు మధ్య థర్మాకోల్ షీట్లతోనో చెక్కతోనో ఒక సీలింగ్ ఉంటే రేకు చుక్కలు మీద పడవు. నాలుగైదు వందల రూపాయలకు దొరికే తేమ మీటరు ఒకటి గోడకు తగిలిస్తే పరిస్థితి కళ్లకు కనిపిస్తుంది. సాపేక్ష తేమ, అంటే గాలి పట్టుకోగలిగిన ఆవిరిలో ఇప్పుడు ఎంత శాతం ఉందన్న లెక్క, 60 దాటితే ఇనుము తుప్పు పట్టే వేగం బాగా పెరుగుతుంది. మరీ 40 కన్నా తగ్గితే తోలు, చెక్క ఎండిపోయి బీటలిస్తాయి. యాభైకి అటూ ఇటూగా ఉంచగలిగితే కారు హాయిగా ఉంటుంది.

తుప్పుకు ఉన్న చెడ్డ గుణం ఏమిటంటే, తాను పుట్టిన ఇనుము కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది. అందుకే పెయింటును కింది నుంచి పైకి నెట్టి పొక్కులు చేస్తుంది. పైగా అది గుల్లగా ఉండి, స్పాంజిలా తడిని పట్టి ఉంచుతుంది. డోర్ల అడుగున నీళ్లు కారిపోవడానికి చిన్న రంధ్రాలు ఉంటాయి. మా కారుకు లప్పం పెట్టినప్పుడు అవి మూసుకుపోయాయి. కారును దాచే ముందు ఆ రంధ్రాలను సన్నటి తీగతో పొడిచి చూడండి. నా దృష్టిలో మెరిసే పెయింటు కన్నా ఆ రంధ్రాలే ముఖ్యం.

ఇప్పుడు అందరూ చేసే ఒక పని గురించి. "వారానికి ఒకసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు రేస్ చెయ్యి బిడ్డా, ఇంజన్ బాగుంటది" అని ఊళ్లో పెద్దలు ప్రేమతో చెబుతారు. నేనూ అలాగే చేయించాను. కానీ పెట్రోలులో ఉన్న హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు తయారవుతాయి. బండి దూరం నడిచినప్పుడు అది ఆవిరిగా బయటికి పోతుంది. ఐదు నిమిషాలకే ఆపేస్తే సైలెన్సర్ ఇంకా చల్లగానే ఉంటుంది, ఆ నీళ్లు అందులోనే నిలిచిపోతాయి. కొంత ఇంజన్ ఆయిల్‌లోకి కూడా దిగుతుంది. అంటే వారం వారం మన చేతులతో మనమే లోపల నీళ్లు పోస్తున్నామన్నమాట. పూర్తిగా వేడెక్కేదాకా నడపగలిగితే నడపండి, లేదంటే తాళం చెవి తీసి పక్కన పెట్టండి.

ఎక్కువ కాలం ఆపేటట్టయితే ఆయిల్ ముందే మార్చాలి, తీసేటప్పుడు కాదు. వాడిన ఆయిల్‌లో ఆమ్లాలు, తేమ ఉంటాయి. అవి నెలల తరబడి బేరింగుల మీద కూర్చుంటాయి. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌లో కొంచెం ఆయిల్ వేసి, ఇంజన్‌ను చేత్తో తిప్పితే గోడలకు పూత పడుతుంది.

పెట్రోలు ఇంకో తలనొప్పి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసినది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. ఆ కాలపు రబ్బరు పైపులు, వాషర్లు దాన్ని తట్టుకునేలా చేసినవి కావు. ట్యాంకు పగలు వేడికి గాలిని బయటికి వదిలి, రాత్రి చల్లబడి తేమ గాలిని లోపలికి లాగుతుంది. అలా రోజూ ఊపిరి తీస్తూ తీస్తూ నీళ్లు ఒక హద్దు దాటితే, ఇథనాల్, నీరు కలిసి ట్యాంకు అడుగుకు దిగుతాయి. జంగు అక్కడ మొదలవుతుంది. రెండు మూడు నెలలకైతే ట్యాంకు నిండుగా ఉంచితే చాలు. ఏడాది దాటేటట్టుంటే ట్యాంకు, కార్బురేటర్ రెండూ ఖాళీ చేసి, ట్యాంకు లోపల పలచగా ఆయిల్ పూత ఇచ్చి మూసేయడమే నయం. రేడియేటర్‌లో మా నల్లగొండ బోరు నీళ్లు మాత్రం పోయకండి. ఆ ఉప్పు నీళ్లకు లోపల సున్నపు పొర కడుతుంది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ వాడాలి.

చోటు లేక కారును పశువుల కొట్టంలో పెట్టేవాళ్లను చూశాను. ఇది వద్దనడానికి పాత కథ ఒకటి ఉంది. బ్రిటిష్ కాలంలో మన దేశంలో వానాకాలం సైన్యం తూటాలను గుర్రపు సాలల్లో దాచేవారు. వానలు పోయాక చూస్తే ఇత్తడి తొడుగులు చీలి ఉండేవి. కారణం గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా అని 1921లో తేలింది. సాగదీసి మలిచినందువల్ల లోపల బిగుతు మిగిలిన ఇత్తడిని తడి, అమ్మోనియా కలిసి చీలుస్తాయి. పాత కార్ల రేడియేటర్లు ఇత్తడి, రాగితో చేసినవే. ఇప్పుడు సాలలో గుర్రం బదులు బర్రె ఉంది, అంతే తేడా.

మిగతావి చిన్న పనులు. హ్యాండ్ బ్రేకు వేసి వదిలితే షూలు డ్రమ్ములకు అంటుకుంటాయి, చక్రాలకు చెక్క దిమ్మెలు పెట్టండి. బ్రేక్ ఆయిల్ కూడా తేమ పీలుస్తుంది, రెండేళ్లకోసారి మార్చాలి. బ్యాటరీ మన ఎండలకు తొందరగా దిగిపోతుంది, విప్పి ఇంట్లో చార్జర్‌కు పెట్టుకోండి. టైర్లు ఒకేచోట నొక్కుకుపోకుండా కారును స్టాండ్ల మీదికి ఎత్తండి. వడ్ల బస్తాలు, గడ్డి అదే షెడ్డులో ఉంటే ఎలుకలు తప్పవు. వైర్లు కొరుకుతాయి, ఎయిర్ ఫిల్టర్‌లో గూడు పెడతాయి, వాటి వెనకే పాములు వస్తాయి. సైలెన్సర్ మూతికి ఇనుప జాలి కట్టాలి.

2021లో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం యాభై ఏళ్లు దాటిన, అసలు రూపం చెడని బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. అలా చేయిస్తే ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు తప్ప రోజూ రోడ్డు మీద తిప్పకూడదు. అంటే ఈ కార్లు ఇక ముందు ఎక్కువ కాలం నిలబడే ఉంటాయి. మా బండిని అలా మార్పించాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తున్నాను. మార్పించనంత వరకు దసరా పూజ అయ్యాక నిమ్మకాయలు తొక్కించి, ఊరి చివరిదాకా వెళ్లి వెనక్కి రాకుండా, నాగార్జునసాగర్ దాకా నడుపుతాను. మొదట్లో సైలెన్సర్ చివర నీళ్లు కారుతుంటాయి. హాలియా దాటేసరికి ఆగిపోతాయి.