పెద్దమ్మ మందు వేరు, ఆంటీ మందు వేరు

చిట్టితల్లి లాస్యకి, బుజ్జి వంశీకి తాతయ్య ఆశీస్సులు.

"పెద్దమ్మకీ పక్కింటి ఆంటీకీ ఒకటే రొమ్ము క్యాన్సర్ కదా! ఆంటీ రోజూ ఒక మాత్ర వేసుకుంటోంది, మరి పెద్దమ్మకెందుకు జుట్టంతా ఊడింది?" అని అడిగావు లాస్యా. ఫోన్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను.

మన చేలో కలుపు చూశారుగా. అంతా కలుపే అంటాం గానీ ఊద వేరు, తుంగ వేరు. నా చిన్నతనంలో మా నాన్న ఒక తుంగ మొక్క చుట్టూ వేళ్లతో మట్టి తవ్వి చూపించారు. పైన నాలుగు ఆకులే. కింద దారం లాంటి వేరు, దాని కొసన గోలీకాయంత నల్లటి గడ్డ, అక్కణ్ణుంచి ఇంకో దారం, ఇంకో గడ్డ! ఆ గడ్డలు ఎండబెట్టి మా అమ్మ సున్నిపిండిలో కలిపేది. ఎంత కమ్మటి వాసనో!

డాక్టర్లు ముందు చూసేది కలుపు మన మడిలోనే ఉందా, గట్టు దాటిందా అని. ఈ జబ్బులో గట్టంటే చంకలోని లింఫ్ గ్రంథులు. అక్కడికి పాకకముందే దొరికితే చాలామందికి నయమవుతుంది. ఎముకలకో, ఊపిరితిత్తులకో చేరితే పూర్తిగా పీకెయ్యడం చాలా కష్టం, అయినా మందులతో ఏళ్ల తరబడి అణచిపెట్టొచ్చు. రొమ్ములో గడ్డ చాలాసార్లు నొప్పి పెట్టదు, చెప్పుకోవడానికి సిగ్గు. అందుకే మన ఊళ్లలో ఆడవాళ్లు ఆలస్యంగా ఆస్పత్రికి వస్తారు. ఆ సిగ్గు మన ఇంట్లో ఉండకూడదు.

తర్వాత చూసేది కలుపు జాతి. ఆంటీది ఈస్ట్రోజన్ అనే హార్మోన్ని నీళ్లలా తాగి పెరిగే రకం. టామాక్సిఫెన్ మాత్ర ఆ వేళ్ల నోటికి బిరడా వేస్తుంది. కణాల మీద హెర్-2 అనే ప్రొటీన్ మరీ ఎక్కువగా ఉండే ఇంకో రకం ఉంది, ఒకప్పుడు మహా మొండిది. 1998లో అమెరికాలో ట్రాస్టుజుమాబ్ ఇంజక్షన్‌కి అనుమతి వచ్చాక దాని పొగరు అణిగింది.

పెద్దమ్మదానికి ఈ గుర్తులేవీ లేవు. బిరడా వెయ్యడానికి నోరే లేదు. అందుకని కీమో. త్వరత్వరగా పెరిగే కణాలను అది కొడుతుంది. జుట్టు కుదుళ్లూ త్వరగా పెరిగేవే, కలుపు మందు వరికి తగిలినట్టు వాటికీ తగులుతుంది. కీమో అయిపోయాక మళ్లీ మొలుస్తుందిరా వంశీ, బెంగపడకు. అన్నట్టు, 1970లలో ఈ జబ్బుకి ఇచ్చిన తొలి కీమో మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. దాన్ని తయారుచేసిన బృందాన్ని అమెరికాలో నడిపింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే!

పెద్దమ్మకి ఆపరేషన్ కంటే ముందే కీమో ఎందుకిచ్చారంటే, గడ్డ కరుగుతోందో లేదో కళ్లారా తెలుస్తుందని. ఆపరేషన్లో తీసిన ముక్కలో జబ్బు కణం ఒక్కటీ మిగలకపోతే అది చాలా మంచి కబురు. తప్పకుండా తగ్గుతుందని నీకు మాటివ్వలేను తల్లీ. ఆ కబురు కోసమే నేనూ చూస్తున్నాను.

ఈలోగా మీకో పని. ఆంటీ మాత్ర కనీసం అయిదేళ్లు మానకూడదు. ఒళ్లంతా ఆవిర్లొస్తున్నాయని మధ్యలో మానేసేవాళ్లున్నారు, అలా మానేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది. వాళ్లింట్లో క్యాలెండర్‌ మీద రోజూ టిక్కు పడిందో లేదో వంశీ చూడాలి. లాస్య పెద్దమ్మ పక్కనే పడుకోవాలి. అది అంటుకునే జబ్బు కాదు.

మీ తాతయ్య