నేలలో కందిరీగలు: దారి ఒక్కటే

"పెరట్లో గడ్డి మధ్య చిన్న బొరియ ఉంది. అందులోంచి కందిరీగలు వస్తూ పోతూ ఉన్నాయి. పెట్రోలు పోసి అంటించమని ఒకరు, రాయి పెట్టి మూసెయ్యమని ఇంకొకరు అంటున్నారు. ఏం చెయ్యాలి?" అని ఒక పాఠకురాలు అడిగారు.

ఆ రెండూ చెయ్యకండి. ముందు ఓ ఇరవై అడుగుల దూరంలో కుర్చీ వేసుకుని, పది నిమిషాలు ఆ బొరియనే చూడండి. నేల కింద ఏముందో తెలియాలన్నా, దాన్ని వదిలించుకోవాలన్నా మనకున్న దారి ఆ గుమ్మమే.

ఒక్క కందిరీగే దూరి, చాలాసేపటికి గానీ బయటికి రాకపోతే, చుట్టుపక్కల అలాంటివే మరికొన్ని బొరియలు విడివిడిగా కనిపిస్తే, అవి ఒంటరి కందిరీగలు. ఒక్కో బొరియ ఒక్కో తల్లిది. గొంగళిపురుగునో మిడతనో కుట్టి, చంపకుండా చచ్చుబడేలా చేసి లోపలికి లాక్కెళ్తుంది, దానిమీద గుడ్డు పెడుతుంది. తుమ్మెద ఝంకారం వినీ వినీ పురుగే తుమ్మెదగా మారిపోతుందని చెప్పే భ్రమరకీటక న్యాయం సరిగ్గా ఇలాంటి గూడుకే అతుకుతుంది. లోపలికి వెళ్లింది పురుగు, కొన్నాళ్లకు బయటికొచ్చింది కందిరీగ. మధ్యలో గుడ్డు పగిలి పిల్ల ఆ పురుగును తినేసిన సంగతి మట్టి చాటున జరిగిపోయింది. ఈ ఉపమానాన్ని ఇప్పటికీ నిజంగా జరిగేదే అన్నట్టు పిల్లలకు చెప్పేవాళ్లున్నారు. అసలు కథ అంతకన్నా అద్భుతంగా ఉందే, అది చెప్పకపోతే ఎలా! ఈ తల్లులు గూటికి కాపలా కాయవు, చేత్తో పట్టుకుంటే తప్ప దాదాపుగా కుట్టవు. కొన్ని వారాల్లో వాటి పని అయిపోతుంది. వాటిని వదిలెయ్యండి.

అలా కాకుండా ఒకే బొరియలోంచి నిమిషానికి పదీ ఇరవై చొప్పున వస్తూ పోతూ ఉంటే, అది కాపురం. పసుపు, నలుపు చారలుండే వెస్పులా జాతి కందిరీగలకు ఇది బాగా అలవాటు. చీమల పుట్ట పాముకు ఇల్లయినట్టు, ఎలక వదిలేసిన బొరియ రాణి కందిరీగకు ఇల్లవుతుంది. చలి తగ్గాక రాణి ఒక్కతే మొదలుపెడుతుంది. కొన్ని నెలలు తిరిగేసరికి వేల మంది కూలీలు తయారవుతారు.

బయటికొచ్చే వాటి నోళ్లు గమనించండి. నేను ఒక గూటి దగ్గర అలా కూర్చున్నప్పుడు, కొన్ని కందిరీగలు ఆవగింజంత మట్టి ఉండను దవడల మధ్య పట్టుకుని వచ్చి, కాస్త దూరం ఎగిరి జారవిడవడం చూశాను. లోపల గూడు పెరుగుతున్నకొద్దీ చోటు చాలదు. గూడు కట్టేది కాగితంతో: ఎండు కర్రను గీరి, ఉమ్మితో కలిపి నమిలి, పలచటి పొరలుగా పరుస్తాయి. కింద కొత్త అంతస్తు వెయ్యాలంటే మట్టిని తడిపి తవ్వి బయటికి మొయ్యాలి. మొయ్యలేనంత పెద్ద గులకరాళ్లు కింద మట్టి పోయేకొద్దీ దిగిపోయి, గుంత అడుక్కి చేరతాయి. అందుకే మట్టి ఉండలు కనిపించాయంటే లోపల గూడు ఇంకా పెరుగుతోందని లెక్క.

గుమ్మం లోపల కాపలా ఉంటుంది. నేల అదిరితే చాలు, పైకొస్తాయి. గడ్డి కోసే యంత్రం నడిపేవాళ్లు ఎక్కువగా కుట్టించుకునేది ఇందుకే. కుట్టినప్పుడు విషంతోపాటు హెచ్చరిక వాసన కూడా వెలువడుతుంది, అది తగిలిన మిగతావి అక్కడికే వస్తాయి. ఇక్కడ రసాయనం నాకు మహా ఇష్టం. తేనెటీగల హెచ్చరిక వాసనలో ముఖ్యమైనది 3-మిథైల్‌బ్యూటైల్ ఎసిటేట్, అరటిపండు వాసన వేసేది. కొన్ని వెస్పులా జాతుల విషంలో దొరికినది ఎన్-3-మిథైల్‌బ్యూటైల్ ఎసిటమైడ్. అణువులు రెండూ అక్కచెల్లెళ్లలా ఉంటాయి. ఒకదాంట్లో ఆక్సిజన్ ఉన్నచోట రెండోదాంట్లో నైట్రోజన్, హైడ్రోజన్ కూర్చున్నాయి, అంతే తేడా. కాబట్టి గూటి దగ్గర కందిరీగను నలిపి చంపకండి. నలిగిన విషపు సంచి మిగతావాటిని పిలుస్తుంది.

ఇంకొకటి: బొరియ చుట్టూ ఉన్న కుండీలు, రాళ్లు కదపకండి. డచ్ శాస్త్రవేత్త నికో టిన్‌బెర్గెన్ ఒంటరి కందిరీగ బొరియ చుట్టూ పైన్ కాయలు వలయంగా పేర్చి, అది వేటకు వెళ్లగానే వలయాన్ని పక్కకు జరిపాడు. తిరిగొచ్చిన కందిరీగ అసలు బొరియను వదిలి, కాయల నడిమధ్యకు వెళ్లి వెతుక్కుంది. జంతువుల ప్రవర్తనపై చేసిన కృషికి ఆయనకు 1973లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. కాపురముండే కందిరీగలు కూడా మొదటిసారి బయటికొచ్చినప్పుడు గుమ్మం వైపు తిరిగి, వెనక్కి వెనక్కి ఎగురుతూ చుట్టుపక్కల గుర్తులు పట్టుకుంటాయి. పట్టపగలు ఆ గుర్తులు చెరిపేస్తే, మేతకు వెళ్లొచ్చినవన్నీ దారి దొరక్క అక్కడే గుంపుగా ముసురుకుంటాయి.

ఇక వదిలించుకోవడం. నీళ్లు పోసినా, మందు చిమ్మినా అది గూటిదాకా చేరుతుందన్న నమ్మకం లేదు. దారి వంకర తిరుగుతుంది, గూటి చుట్టూ కాగితం పొరలుంటాయి. పొడిమందు వేరు. గడప మీద పిండి ఒలికిందనుకోండి. ఇంట్లో ఎవరూ దాన్ని కావాలని లోపలికి మొయ్యరు, అయినా సాయంత్రానికి వంటింట్లో, పడకగదిలో, పిల్లల చేతుల మీద అంతా పిండే. గుమ్మం ఒక్కటే కాబట్టి ఎవరూ తప్పించుకోలేరు. ఎంత ఎక్కువసార్లు తిరిగితే అంత ఎక్కువ పిండి లోపలికి. కందిరీగ ఒంటినిండా నూగు, ఆ నూగుకు పొడి అంటుకుంటుంది. లోపలికెళ్లి కాళ్లతో ఒళ్లు తుడుచుకుంటుంది, పక్కదాన్ని రాసుకుంటూ పోతుంది, పిల్లల నోట్లో నోరు పెట్టి మేత పెడుతుంది. మనం ఎన్నటికీ చేరలేని రాణి దగ్గరికి ఆ పొడిని తీసుకెళ్లేది దాని కూలీలే.

ఇలాంటి పొడుల్లో ఉండే పెర్మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటి మందులు చామంతి కుటుంబపు పువ్వు నుంచి వచ్చిన పైరెత్రిన్ నమూనాతో చేసినవి. నరాల్లో సోడియం ద్వారాలు తెరుచుకుని వెంటనే మూసుకోవాలి. ఈ మందు వాటిని మూసుకోనివ్వదు. నరం ఆగకుండా మోగి మోగి పురుగు చచ్చుబడిపోతుంది. చేపలకు ఇది చాలా ప్రమాదం, పెర్మెత్రిన్ పిల్లులకు విషం. చెరువు, కాలవ పక్కన వాడొద్దు. కందిరీగలకని డబ్బా మీద రాసి ఉన్న పొడినే, అందులో చెప్పినట్టే వాడండి.

చీకటి పడి, రాకపోకలు పూర్తిగా ఆగాక వెళ్లండి. అప్పుడు అన్నీ ఇంట్లోనే ఉంటాయి. ఒళ్లంతా కప్పుకోండి, ఎర్ర దీపం వాడండి, ఎరుపు వాటికి దాదాపు కనిపించదు. బొరియ నోటి చుట్టూ, కాస్త లోపలికి పొడి చిమ్మి వెంటనే వెనక్కి వచ్చెయ్యండి. బొరియ మూయకండి. మూస్తే వేరే దారి తవ్వుతాయి, గోడ పక్కన గూడైతే ఆ దారి మీ గదిలోకే రావచ్చు. పైగా గుమ్మం మూసుకుంటే పొడి మోసేదెవరు? రెండు రోజులాగి మళ్లీ కుర్చీ వేసుకుని చూడండి, తిరుగుతుంటే ఇంకోసారి చిమ్మండి. పెట్రోలు పోస్తే మట్టి పాడవుతుంది, మంట మీ మీదికే రావచ్చు. ఇంట్లో ఎవరికైనా కందిరీగ కాటు పడదని తెలిస్తే ఈ పని అసలు మీరు చెయ్యొద్దు, పురుగుల నివారణ పనివాళ్లను పిలవండి.

తేనెటీగ విషం ఆమ్లం కాబట్టి సోడా, కందిరీగది క్షారం కాబట్టి వెనిగర్ రాయాలని బడిలో చెబుతుంటారు. ఈ పాఠం మార్చాలి. చర్మం కింద దిగిన విషాన్ని పైన రాసింది చేరదు, బాధ పెట్టేదీ ఆమ్లమో క్షారమో కాదు, విషంలోని ప్రొటీన్లు, పెప్టైడ్లు, హిస్టమిన్. చల్లటి గుడ్డ పెట్టండి. ఊపిరి ఆడకపోయినా, గొంతో నాలుకో వాచినా, కళ్లు తిరిగినా ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి. అక్కడ కావలసింది ఎడ్రినలిన్ ఇంజెక్షన్.

చలి గట్టిగా పడే చోట ఇవేవీ అక్కర్లేకపోవచ్చు. చలికాలం వచ్చేసరికి రాణి, కూలీలు చచ్చిపోతాయి, కొత్త రాణులు ఎక్కడో దాక్కుంటాయి, పాత గూట్లోకి తిరిగి రావు. బొరియ ఎవరూ నడవని మూలన ఉంటే నేనైతే ఆగుతాను.

వారం పాటు ఒక్క కందిరీగ కూడా కనిపించకపోతే బొరియను మట్టితో పూడ్చెయ్యొచ్చు. మందు వాడని గూడైతే తవ్వి చూడండి. అడుగున ఆ గులకరాళ్లు కనిపిస్తాయి. పైపొర మీద బూడిద, గోధుమ, తెలుపు రంగుల్లో సన్నటి చారలుంటాయి. ఒక్కో చార ఒక్కో కందిరీగ ఒక్కసారి నోట మోసుకొచ్చిన కర్ర. కంచె కర్రది ఒక రంగు, ఎండిన కొమ్మది ఇంకో రంగు.