సిగ్నల్ అందిన క్షణంలో వచ్చే వరద

వాహనాల నుంచి రాకపోకల సమాచారం సేకరించే వ్యవస్థలో ప్రతి బండీ తానున్న చోటు, వేగం, దిశ, సమయం కొన్ని సెకన్లకోసారి మొబైల్ నెట్‌వర్క్ ద్వారా సర్వర్‌కు పంపుతుంది. వాహనాలు పెరిగితే సమాచారం పరిమాణమే పెద్ద సమస్య అవుతుందని చాలామంది అనుకుంటారు. ఒక్కో సందేశం 100 బైట్లనుకుంటే, 10,000 వాహనాలు సెకనుకోసారి పంపినా రోజుకు సుమారు 86 గిగాబైట్లే. నేటి సర్వర్లకు అది మోయలేని బరువేమీ కాదు. చిక్కంతా అది సమంగా రాకపోవడంలోనే ఉంది.

రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే మేడారం జాతరనే తీసుకుందాం. హనుమకొండ నుంచి ములుగు, పస్రా మీదుగా బస్సులు బారులు తీరి సాగుతాయి. అడవిలో సిగ్నల్ అందని చోట ఏఐఎస్-140 అనే, వాహనాల ట్రాకింగ్ పరికరాలకు మన దేశంలో ఉన్న ప్రమాణానికి తగిన పరికరం సమాచారాన్ని పారేయదు, తనలోనే దాచుకుంటుంది. సిగ్నల్ తగలగానే దాచినదంతా ఒక్కపెట్టున పంపుతుంది. బస్సులు ఒకదాని వెనుక ఒకటి వస్తాయి కనుక అన్నీ దాదాపు ఒకే వేళకు పంపుతాయి. సర్వర్ జవాబు ఆలస్యమైతే, సందేశం చేరలేదనుకున్న పరికరాలు దాన్నే మళ్లీ పంపి రద్దీని ఇంకా పెంచుతాయి. అందువల్ల విఫలమైన ప్రతిసారీ మళ్లీ పంపే ముందు ఆగే విరామాన్ని రెట్టింపు చేసి, అన్నీ ఒకేసారి పంపకుండా దానికి ఒక్కో పరికరం తనకు తోచినంత అదనపు జాప్యం కలుపుకునేలా ప్రోగ్రామ్ రాస్తారు. సందేశానికి వరుస సంఖ్య ఉంటే, రెండుసార్లు చేరినా లెక్కలోకి ఒక్కసారే వస్తుంది.

పనిని సర్వర్ల మధ్య పంచడమూ తేలిక కాదు. ప్రాంతాలవారీగా పంచితే జాతర రోజుల్లో ములుగు సర్వర్ ఊపిరాడక అల్లాడుతుంటే కరీంనగర్ సర్వర్ ఖాళీగా కూర్చుంటుంది. ఏ ప్రాంతంలో ఉన్నా వాహనం నంబరును బట్టి పంచితే భారం సమంగా ఉంటుంది గానీ, ఒక రోడ్డు సగటు వేగం కట్టడానికి అన్ని సర్వర్ల లెక్కలనూ మళ్లీ కలపాలి. నా దృష్టిలో రెండోదే మేలు, ఎందుకంటే లెక్కలు కలపడానికయ్యే ఖర్చును ముందే అంచనా వేయవచ్చు, జనం ఎటు మళ్లుతారో అంచనా వేయలేము.

ఇక సమయం సంగతి. పస్రా దగ్గర అరగంట కిందట బస్సు నిలిచిపోయిందన్న సందేశం ఇప్పుడు చేరితే, చేరిన వేళను బట్టి లెక్కించే వ్యవస్థ అక్కడ ఇప్పుడే రోడ్డు స్తంభించిందని చూపుతుంది. అందుకే సంఘటన జరిగిన సమయాన్నే ప్రమాణంగా తీసుకుని, ఆలస్యంగా వచ్చినవాటిని పాత లెక్కలో సరిదిద్దాలి. పరికరం కూడా తాజా స్థానాన్ని ముందు పంపి, పాతవాటిని తీరికగా పంపాలి.

నిలిచిన బస్సు పదేపదే అదే చోటును చెప్పనక్కర్లేదు. అయితే పూర్తిగా మౌనం వహిస్తే, అది ఆగి ఉందో, సిగ్నల్ పోయిందో సర్వర్‌కు తెలియదు; కనుక నిలిచి ఉన్నంతసేపూ నిమిషానికో చిన్న సందేశం పంపే ఏర్పాటు ఉంచాలి.