కొండపల్లి ఖిల్లా ఎక్కే ముందు

విజయవాడ

చిరంజీవులైన మనవళ్లకు, మనవరాళ్లకు ఆశీస్సులు.

సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు కొండపల్లి ఖిల్లా చూపించమని అడిగారు. తప్పకుండా వెళ్దాం. అక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది మహల్ ముందు నాలుగు ఫొటోలు తీసుకుని కొండ దిగిపోతారు. మీరు అలా దిగిపోకూడదనే ముందుగా ఈ ఉత్తరం రాస్తున్నాను. కోటను చూసేటప్పుడు మూడు సంగతులు వెతకండి. శత్రువు ఏ దారిన పైకి రావాలి? లోపలివాళ్లకు నీళ్లు ఎక్కడివి? గింజలు ఎక్కడ దాచుకున్నారు? ఈ మూడూ పట్టుబడితే కోట మొత్తం అర్థమవుతుంది. రాజుల పేర్లు తర్వాత నేర్చుకున్నా ఫరవాలేదు.

బెజవాడ నుంచి 25 కిలోమీటర్ల లోపే. హైదరాబాద్ రోడ్డులో ఇబ్రహీంపట్నం దాకా వెళ్లి కుడివైపు మళ్లితే కొండపల్లి. కృష్ణకు ఉత్తరాన కొండల వరుస ఒకటి సాగుతుంది, ఖిల్లా దాని మీదే ఉంది. నది దాటి తెలంగాణ వైపు పోయే సైన్యమైనా, పడమటి నుంచి సముద్రతీరానికి దిగే వర్తకులైనా ఈ కొండకు కనబడకుండా పోవడం కష్టం. కొండవీటి రెడ్డిరాజులు 14వ శతాబ్దంలో ఇక్కడ కోట కట్టింది ఈ చూపు కోసమే. వాళ్ల రాజధాని కొండవీడు నదికి అవతల, గుంటూరు వైపున ఉంది. ఇవతలి ఒడ్డుకు కాపలా ఈ కొండపల్లి.

ఇక గుమ్మాల దగ్గర కాసేపు ఆగుదాం. ఈ కోటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే. ఒకదాని వెనక ఒకటిగా మూడు గుమ్మాలు దాటితేగాని లోపలికి పోలేం. పెద్ద గుమ్మాన్ని దర్గా దర్వాజా అంటారు. దగ్గరలో ఒక దర్గా ఉంది, అందుకని ఆ పేరు. వెడల్పు 12 అడుగులు, ఎత్తు 15 అడుగులు. ఒకే గ్రానైటు రాతి నుంచి తొలిచిన గుమ్మమని ప్రసిద్ధి. దాని కింద నిలబడి రాతిని చేత్తో తడిమి చూడండి. ఎండ మండుతున్నా నీడ పట్టున రాయి చల్లగా తగులుతుంది. ఉలిపని జాడలు వేళ్లకు తెలుస్తాయి.

మూడు గుమ్మాలు ఎందుకని మీకు అనుమానం రావచ్చు. పాతకాలంలో కోట తలుపులను ఏనుగులతో పొడిపించి బద్దలు కొట్టేవారు. ఏనుగు అంత బలంగా గుద్దాలంటే ముందు కొంత దూరం పరుగెత్తాలి. ఇంత నిటారు దారిలో ఏ ఏనుగు పరుగెత్తగలదు? ఎలాగో ఒక గుమ్మం విరగ్గొట్టినా, రెండోదాని ముందు ఇరుకు చోటులో సైనికులంతా గుంపుగా చిక్కుబడతారు. పైన గోడల మీద, బురుజుల మీద ఉన్నవాళ్లకు గురి చూసే పని కూడా ఉండదు. ఒక్క ఉలి దెబ్బ కొట్టకముందే ఇదంతా ఆలోచించిన మేస్త్రీలు ఎవరో! శాసనాలలో రాజుల బిరుదులు కావలసినన్ని ఉంటాయి, వీళ్ల పేర్లు మాత్రం ఎక్కడా ఉండవు. తలచుకున్నప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది.

ఆ ఆలోచన ఎంత గట్టిదో శ్రీకృష్ణదేవరాయలకు బాగా తెలిసింది. 1515లో కొండవీడు పట్టుకున్న తర్వాత ఆయన కృష్ణ దాటి ఇక్కడికి వచ్చాడు. అప్పుడు కోట ఒడిశా గజపతుల చేతిలో ఉంది. మూడు నెలల ముట్టడి పట్టిందని నూనిజ్ అనే పోర్చుగీసు వర్తకుడు రాసిపెట్టాడు. గజపతి రాణి ఒకరు, ఒక రాజకుమారుడు, ఏడుగురు ముఖ్య సేనానులు ఇక్కడే రాయలకు చిక్కారని కూడా రాశాడు. అంత కష్టపడి గెలిచిన కోట ఏమైందనుకున్నారు? గజపతితో సంధి కుదిరి, ఆయన కూతురిని రాయలు పెళ్లాడాక, కృష్ణకు ఉత్తరాన గెలిచిన సీమను తిరిగి గజపతికే ఇచ్చేశాడు. కోట మళ్లీ పాత యజమాని చేతికి వెళ్లింది.

మూడు నెలలు లోపలివాళ్లు ఎలా నిలదొక్కుకున్నారో పైకి ఎక్కాక మీకే తెలుస్తుంది. మహల్ దాటి ముందుకు వెళ్తే లోతైన కోనేరు ఒకటి ఉంది. అందులో ఊట ఉంది. నీళ్లు బాగా చల్లగా ఉంటాయి, తాగితే జ్వరం వస్తుందని పెద్దవాళ్లు భయపెట్టేవారు. మీరు తాగవద్దు, అంచు దాకా పోవద్దు, దూరం నుంచే చూడండి. కొండ మీద ఇంకా కుంటలు ఉన్నాయి గానీ వేసవిలో ఎండిపోతాయి. కోనేరు దాటితే పాడుపడిన ధాన్యపు కొట్టు. ఇప్పుడు దాని నిండా గబ్బిలాలే. వాసనకు ముక్కు మూసుకుని వెనక్కి రాకండి. ఆ కొట్టు నిండుగా ఉన్నన్నాళ్లే పైనున్న సైనికుడి చేతిలో కత్తికి విలువ.

మహల్ సంగతి. రెండు గుట్టల నడుమ ఎత్తు మీద ఉంటుంది. కింద గదులు, పైన పెద్ద హాలు. తానీషా మహల్ అంటారు. భద్రాచల రామదాసు కథలో మీరు విన్న తానీషాయే, గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్. ఆయన మంత్రులు అక్కన్న, మాదన్నల పేరుతో మన ఇంద్రకీలాద్రి కింద గుహలు ఉన్నాయి కదా. ఆ గుహలు వాళ్లకన్నా దాదాపు వెయ్యేళ్లు పాతవి, పేరు మాత్రం వాళ్లది. 1687లో ఔరంగజేబు గోల్కొండను గెలుచుకోవడంతో ఈ కోటా మొగలుల పాలైంది. 1766లో ఇంగ్లీషువాళ్లు పట్టుకున్నారు, మరుసటి ఏడాది ఇక్కడ సైనిక శిక్షణ మొదలుపెట్టారు. 1859లో ఖర్చు తగ్గించుకోవడానికి సైన్యాన్ని దించేశారు.

అసలు పతనం అప్పుడే మొదలైంది. ఈ గోడలు ఫిరంగులకే కూలలేదు. సున్నపు పూత ఊడినచోట వాన దిగుతుంది. తడిసిన సందులో పిట్ట ఒక రావిగింజ వేస్తుంది. పోయినసారి మహల్ పక్క గోడలో చూశాను, నా వేలంత వేరు ఒకటి రెండు రాళ్లను బెత్తెడు దూరం తోసేసింది. గానుగలో రుబ్బిన డంగు సున్నం అది, గోరుతో గీకితే ఈనాటికీ రాలదు. అంత గట్టి సున్నం మీద ఎవరో మేకుతో తమ పేరు, ప్రేమించిన అమ్మాయి పేరు చెక్కి పోయారు. చూస్తే నాకు కడుపు రగిలిపోయింది. మీలో ఎవరి చేతిలోనైనా మేకు గాని, సుద్దముక్క గాని కనబడితే అక్కడికక్కడే కొండ దింపేస్తాను. ఇది గట్టిగా చెబుతున్నాను.

కొండకు అవతలి కొసన గోల్కొండ దర్వాజా ఉంది. దాని నుంచి దారి జగ్గయ్యపేట వైపు దిగుతుంది. అటు వెళ్లేవాళ్లు తక్కువ, మనం వెళ్దాం. జోళ్లు గట్టివి వేసుకోండి, తలకు టోపీ, మనిషికో నీళ్ల సీసా. ఒక తెల్లకాగితం, పెన్సిలు కూడా తెచ్చుకుని గుమ్మాలు, కోనేరు, కొట్టు, మహల్ ఎక్కడెక్కడ ఉన్నాయో పటం గీయాలి. ఎవరి పటం సరిగ్గా ఉంటే వాళ్లు, కిందికి దిగాక, తెల్లపొణికి కర్రతో బొమ్మలు చేసే ఇళ్ల దగ్గర తమకు నచ్చిన బొమ్మ ముందుగా ఎంచుకోవచ్చు. మిగతావాళ్లకూ కొంటానులే, అలగకండి.

ఎండ ఎక్కకముందే బయలుదేరాలి. ముందురోజు రాత్రి త్వరగా పడుకోమని అమ్మతో చెప్పించుకోవద్దు.

మీ తాతయ్య