విరాటపర్వం ఆడిస్తే వాన

వాతావరణ మార్పుపై కళాకారులు ఏం చేయాలన్న చర్చ కొత్తది. అనంతపురం ప్రాంతంలో వానకూ ఆటకూ ఉన్న పొత్తు మాత్రం పాతది. అదనులో చినుకు పడకపోతే తోలుబొమ్మల వాళ్లను పిలిపించి విరాటపర్వం ఆడించేవారు.

ఆ కథే ఎందుకు? అజ్ఞాతవాసంలో ఉన్న పాండవుల జాడ తెలియక కౌరవులు తలలు పట్టుకున్నప్పుడు భీష్ముడు ఒక ఆనవాలు చెబుతాడు: ధర్మరాజు ఉన్న చోట వానలు వేళకు కురుస్తాయి, పాడిపంటలకు లోటుండదు. ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్లకు అటూఇటూ ఉండే నేల మీద అది ఉత్త పురాణంలా వినిపించదు. తెర వెనక దీపం వెలుగులో మేకతోలు బొమ్మలు తెల్లవార్లూ ఆడేవి. తడి తగిలితే ఆ తోలు మెత్తబడుతుంది. కోరుకున్న వాన నిజంగానే మొదలైతే ముందు పెట్టెలోకి చేరాల్సింది బొమ్మలే.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు బృందం ఆడిన తొలి నాటకం కీచకవధ. అదీ విరాటపర్వంలోదే. వాళ్ల పూర్వికులు తోలుబొమ్మలాటగాళ్లు. సీమను ఊడ్చేసిన 1876-78 నాటి ధాత కరువు ముగిసి అప్పటికి పదేళ్లు కాలేదు.

పంట కళ్లానికి వస్తేనే ఆటగాడికి గింజలు. కరువులో ఊరికి ఆట కావాలి, ఇవ్వడానికి చేతిలో ఏమీ ఉండదు. కొర్ర, జొన్న చేలను వేరుశనగ ఆక్రమించాక ఒక్క పైరు ఎండితే చాలు, ఊరంతా కుదేలు. తర్వాత సినిమా, టీవీ వచ్చాయి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఇప్పుడు అదే తోలును గీకి, ఆరబెట్టి, చిన్న ఉలితో చిల్లులు కొట్టి, రంగులద్ది దీపాలకు గొడుగులు చేస్తున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

ఈలోగా వాన తీరు కూడా ఎదురు తిరిగింది. 2009 అక్టోబరులో కర్నూలు నగరం మునిగింది. 2021 నవంబరులో చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. రమ్మని పిలవడానికి విరాటపర్వం ఉంది. ఇంత వానకు ఏ కథ ఆడాలి?

ప్రచారానికి తోలుబొమ్మలాటను కుటుంబ నియంత్రణ నాటి నుంచీ వాడుతున్నారు. ఆటలో నవ్వించే బొమ్మ బంగారక్క చేత సూక్తులు చెప్పిస్తే అది నాకు గోడపత్రిక చదివినట్టే ఉంటుంది. రామాయణం మధ్యలో దూరి ఊరి సంగతులన్నీ కడిగేసే చనువు ఆమెకూ, ఆమెతో జోడీ కట్టే హాస్యగాడు జుట్టుపోలిగాడికీ ఎప్పుడూ ఉంది. ఎండిన బోరు గురించి, అందని పంటల బీమా గురించి వాళ్లిద్దరూ పోట్లాడుకుంటే జనం తెల్లవార్లూ కూర్చుంటారు.